మన చేనిక్రింది బొగ్గు: కేంద్రమునకెంత, రాష్ట్రమునకెంత, రైతునకెంత?

విత్తనములకును, ఎరువులకును, పంట అప్పులకును మన సంఘమునకు వచ్చు సభ్యులు వాకిట కూర్చుండి మాటలాడుకొను విషయములలో ఒకటి తఱచుగా మా చెవిని పడుచుండును. "పట్టా నాది, పైరు నాది. మరి క్రిందనున్న బొగ్గును త్రవ్వుమని ఉత్తరువు ఇచ్చువాడెవడు? ఢిల్లీవాడా, హైదరాబాదువాడా? నా మొర ఎవరికి చెప్పుకొనవలెను?" శ్రీరాంపూర్ చుట్టుప్రక్కల రైతునకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. చేనిగట్టున నిలిచి చూచిన ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బలు కానవచ్చు చోట ఇది ఇంటి ప్రశ్నయే. కావున ఈ నెల పాఠమునకు దీనినే గైకొంటిమి.

మేము ఏ ప్రభుత్వపక్షమునను వాదింపబూనలేదు. రాజ్యాంగములోని కొన్ని పద్దులను, వానిని న్యాయస్థానములు చదివిన తీరును సభ్యులకు తెలుపుటయే మా ఉద్దేశము. లెక్కపుస్తకము చదువనేర్చిన సభ్యుడు సంఘములో మోసపోడు. అట్లే అధికారముల పంపకము చదువనేర్చిన రైతు నోటీసు వచ్చిననాడు తడబడడు.

కంపెనీ ఒకటి, యజమానులు ఇద్దరు

ముందుగా మన ప్రాంతపు బొగ్గుచరిత్రను క్లుప్తముగా జ్ఞప్తికి తెచ్చుకొందము. 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగుదొర ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని కనిపెట్టెను. 1886లో ఇంగ్లండున స్థాపింపబడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వుహక్కులను పొందెను. 1920లో దానికి సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చెను. 1945లో నిజాము ప్రభుత్వము ఆ కంపెనీలో పెద్దవాటాను కొనెను. నేడు అందు తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు నూటికి 49 వాటాలు కలవు.

వాటాలలో రాష్ట్రమే పెద్ద. అయినను 2024 జూన్ 21న కేంద్ర బొగ్గుశాఖవారు హైదరాబాదున బొగ్గుబ్లాకుల వేలమును ఆరంభించినప్పుడు, మన మంచిర్యాల జిల్లాలోని శ్రావణపల్లి బ్లాకు కూడ వేలపుపట్టికలో చేరెను. దానిని వేలము లేకుండ సింగరేణికే ఇయ్యవలెనని రాష్ట్రప్రభుత్వము కోరెను. కోరగలిగెను గాని ఉత్తరువు చేయజాలకపోయెను. పెద్దవాటాదారునకు ఆ అధికారము ఏల లేకపోయెను? దీనికి సమాధానము రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో ఉన్నది.

మూడు జాబితాలు

రాజ్యాంగము 246వ అధికరణముచే చట్టములు చేయు అధికారమును మూడు జాబితాలుగా పంచినది. మొదటిది కేంద్రజాబితా. అందలి విషయములపై పార్లమెంటు మాత్రమే చట్టము చేయును. రెండవది రాష్ట్రజాబితా. అందలివి సాధారణముగా శాసనసభవి. మూడవది ఉమ్మడిజాబితా. అందలి విషయములపై ఇరువురును చట్టములు చేయవచ్చును. రెండింటికి పొంతన కుదరనిచో పార్లమెంటు చట్టమే నిలుచును. అయితే రాష్ట్రచట్టము రాష్ట్రపతి ఆమోదమును పొందినయెడల ఆ రాష్ట్రమున అదియే చెల్లును. ఈ మూడు జాబితాల పద్ధతి 1935 నాటి భారతప్రభుత్వ చట్టమునుండి వచ్చినది.

ఇచ్చట సభ్యులు గుర్తుంచుకొనవలసిన మాట ఒకటి కలదు. రాజ్యాంగము పంచినది భూమిని కాదు, విషయములను. అన్నదమ్ములు చేనికి గట్టు వేసికొనినట్లు ఇది కేంద్రపు చేను, అది రాష్ట్రపు చేను అని ఎచ్చటను హద్దురాళ్లు పాతలేదు. ఒకే చేను ఒకే దినమున పలుపద్దులలో నుండవచ్చును. మన చేనినే చూడుడు.

భూమి, కౌలు, శిస్తు మొదలగునవి రాష్ట్రజాబితాలోని 18వ పద్దు, 45వ పద్దు. భూములపైని పన్ను అదే జాబితాలో 49వ పద్దు. ఖనిజహక్కులపైని పన్ను 50వ పద్దు. గనుల నియంత్రణమును, ఖనిజముల అభివృద్ధియు 23వ పద్దు. ఇంతవరకు అన్నియు రాష్ట్రమువే. కాని కేంద్రజాబితాలో 54వ పద్దు చూచినచో అచ్చటను గనుల నియంత్రణము, ఖనిజాభివృద్ధి అనియే కలదు. ఇక ఆస్తులను సేకరించు అధికారము ఉమ్మడిజాబితాలోని 42వ పద్దు.

ఒకే విషయము ఇరువురి జాబితాలలో ఎట్లుండును? 23వ పద్దులోని "లోబడి" అను ఒక్కమాటలో దాని తాళపుచెవి ఉన్నది. రాష్ట్రపు అధికారము కేంద్రజాబితాలోని పద్దులకు లోబడి ఉండును. ప్రజాహితముకొఱకు గనులపై కేంద్రపు ఆధిపత్యము అవసరమని పార్లమెంటు చట్టముద్వారా ప్రకటించినయెడల, ఆ ప్రకటన ఎంతమేరకు వ్యాపించునో అంతమేరకు రాష్ట్రపు అధికారము తగ్గును.

కాలువనీటి వాడుక ఎఱిగిన రైతునకు ఇది కష్టమైన సంగతి కాదు. పిల్లకాలువలో పూడిక తీయుటయు, నీటివంతులు పెట్టుకొనుటయు ఊరివారి పనియే. అయితే పెద్దకాలువ తూమును గూర్చి పైఅధికారులు ఉత్తరువు చేసినచో, ఆ ఉత్తరువు చెప్పినమేర ఊరివంతులు దానికి లోబడవలయును. ఉత్తరువు చెప్పని చోట ఊరివంతులే నడచును. 23వ పద్దునకును 54వ పద్దునకును గల సంబంధము ఇట్టిదే.

ఒరిస్సాలో జరిగినది

పై సూత్రము కాగితముమీద సులభముగా కనబడును. వ్యవహారములో ఎట్లు పని చేసెనో చూతము. ఒరిస్సా శాసనసభ 1952లో గనులప్రాంతముల బాగునకై ఒక నిధిని ఏర్పఱచి, గనులవారిపై సెస్సు విధించెను. బొగ్గుకంపెనీ ఒకటి దానిని ప్రశ్నింపగా, 1960లో సుప్రీంకోర్టు ఆ సెస్సు చేయబోవు సేవకు ప్రతిగా పుచ్చుకొను రుసుమనియు, రాష్ట్రమునకు ఆ అధికారము కలదనియు తీర్పు చెప్పెను.

కాని అప్పటికే పార్లమెంటు 1957లో గనులు, ఖనిజముల చట్టమును చేసియుండెను. అది 1958 జూన్ 1న అమలులోనికి వచ్చెను. 1963లో మఱొక వ్యాజ్యము రాగా, ఆ దినమునుండి ఒరిస్సా రుసుము చెల్లదని అదే న్యాయస్థానము చెప్పెను. రాష్ట్రచట్టములో ఒక్క అక్షరమైనను మారలేదు. అయినను పార్లమెంటు చట్టము ఆ విషయమునంతటిని కప్పివేసినందున రాష్ట్రపు రుసుము దానంతట అదియే పడిపోయెను. శ్రావణపల్లి విషయమున రాష్ట్రము ఏల కోరవలసి వచ్చెనో ఇప్పుడు సభ్యులకు బోధపడియుండును. బొగ్గుబ్లాకు నెవరికి ఏ రీతిని ఇయ్యవలెనన్నది పార్లమెంటు చేసిన చట్టములు చెప్పుచున్నవి. కంపెనీలో ఎవరి వాటా ఎంత అన్నది ఆ ప్రశ్నకు సమాధానము కాదు.

పశ్చిమ బంగాళపు దావా

1957లోనే పార్లమెంటు మఱొక చట్టమును చేసెను. దాని పేరు బొగ్గుగల ప్రాంతముల సేకరణ, అభివృద్ధి చట్టము. దీనినిబట్టి బొగ్గుభూములను కేంద్రమే నేరుగా సేకరింపవచ్చును. పశ్చిమ బంగాళములో జమీందారీలు రద్దై రాష్ట్రప్రభుత్వము వశమైన బొగ్గుభూములను కొన్నిటిని కేంద్రము ఈ చట్టముక్రింద తీసికొనబోయెను. రైతు ఆస్తిని తీసికొనవచ్చును గాని రాష్ట్రప్రభుత్వపు ఆస్తిని కూడ తీసికొనవచ్చునా? రాష్ట్రము సుప్రీంకోర్టులో దావా వేసెను.

1962 డిసెంబరు 21న తీర్పు వచ్చెను. ఆరుగురు న్యాయమూర్తులలో ఐదుగురు కేంద్రపక్షమున నిలిచిరి. 42వ పద్దులో "ఆస్తి" అని మాత్రమే ఉన్నది గాని ఎవరి ఆస్తి అని లేదు కావున, రాష్ట్రపు ఆస్తియు అందు చేరుననియు, లేనిచో గనులపై కేంద్రమునకిచ్చిన అధికారము నిష్ఫలమగుననియు వారి అభిప్రాయము. ఒక్కరు భిన్నాభిప్రాయమును వ్రాసిరి. వారు మన తెలుగువారైన కోకా సుబ్బారావు గారు. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నధిష్ఠించినవారు. రాజ్యాంగము రాష్ట్రములకు కొంత పరిధిని ఏర్పఱచి అందు వానికి పూర్ణాధికారము ఇచ్చినదనియు, అట్టి రాష్ట్రపు ఆస్తిని తీసికొనుటకు సాధారణమైన మాట చాలదనియు వారి వాదము.

ఐదుగురి మాటయే చట్టమైనది. కాని ఒకే పద్దులోని ఒకే మాటను ఇంతటి పెద్దలు రెండు తీరుల చదివిరన్న సంగతిని సభ్యులు గమనింపవలయును. రాజ్యాంగవ్యాఖ్య యనగా ఇదియే. మాటలు స్థిరముగా నుండును. వాని వ్యాప్తి ఎంత అన్నది ప్రతి తరమును తేల్చుకొనుచుండును.

పన్ను వేయువాడెవడు?

దీనికి పన్నుల వివాదముకంటె మంచి ఉదాహరణము లేదు. గనులవాడు త్రవ్విన ఖనిజమునకై చెల్లించు దానిని రాయల్టీ అందురు. బొగ్గుపై ఈ రాయల్టీరేటును నిర్ణయించునది కేంద్రము. సొమ్మును పొందునది రాష్ట్రము. 2012 మే నెలనుండి ఆ రేటు బొగ్గు విలువలో నూటికి 14. ఇదిగాక రాష్ట్రము తానుగా గనులున్న భూములపై వేఱొక పన్ను వేయవచ్చునా?

1989లో ఏడుగురు న్యాయమూర్తులు తమిళనాడు వ్యాజ్యములో రాయల్టీ కూడ పన్నే యనియు, దానిమీద రాష్ట్రము సెస్సు వేయరాదనియు చెప్పిరి. 2004లో ఐదుగురు న్యాయమూర్తులు పశ్చిమ బంగాళపు వ్యాజ్యములో, రాయల్టీ పన్ను అని వెనుకటి తీర్పులో నున్నది వ్రాతతప్పు అనిరి. రాయల్టీపై సెస్సు పన్ను అని ఉండవలసినదని వారి భావము. ఒక పదము జాఱిపోయినదా లేదా అన్న తగవుమీద రాష్ట్రముల ఖజానాలు ఇరువది సంవత్సరములు వేచియుండెను.

తుదకు 2024 జూలై 25న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఎనమండుగురి మెజారిటీతో తేల్చి చెప్పెను. రాయల్టీ పన్ను కాదు. అది త్రవ్వుకొనుటకు లీజుదారుడు చెల్లించు ప్రతిఫలము. 54వ పద్దు నియంత్రణకు సంబంధించినది గాని పన్ను వేయు పద్దు కాదు. భూములపై పన్ను వేయు 49వ పద్దు రాష్ట్రమునదే కనుక, ఖనిజములుగల భూమిపైనను రాష్ట్రము పన్ను వేయవచ్చును. ఖనిజహక్కులపై పన్ను అను 50వ పద్దు కూడ రాష్ట్రమునదే. అయితే దానికి పార్లమెంటు చట్టముద్వారా హద్దులు పెట్టవచ్చును. జస్టిస్ నాగరత్న గారు మాత్రము దీనికి సమ్మతింపలేదు. రాష్ట్రములు ఒకదానితో నొకటి పోటీపడి పన్నులు వేసినచో దేశపు ఖనిజాభివృద్ధికి చేటని వారు హెచ్చరించిరి. 2024 ఆగస్టు 14న అదే ధర్మాసనము, 2005 ఏప్రిల్ 1 తరువాతి బాకీలను రాష్ట్రములు అడుగవచ్చుననియు, వానిని 2026 ఏప్రిల్ 1 మొదలు 12 సంవత్సరముల వాయిదాలలో చెల్లింపవచ్చుననియు ఉత్తరువు చేసెను.

1962లో కేంద్రపు చేయి పైన నిలిచినది. 2024లో పన్నువిషయమున రాష్ట్రపు చేయి నిలిచినది. రెండు తీర్పులకును వైరుధ్యము లేదు. తీసికొను అధికారము ఒక పద్దు, నియంత్రించు అధికారము ఒక పద్దు, పన్ను వేయు అధికారము ఒక పద్దు. ఏ పద్దును గూర్చి ప్రశ్న వచ్చినదో మొదట తేల్చుకొనవలెననుటయే ఈ పాఠపు సారాంశము.

ఇందు రైతు భాగమేది?

ఇప్పుడు సభ్యులు న్యాయముగనే అడుగుదురు: కేంద్రము గెలిచినను, రాష్ట్రము గెలిచినను, నాకేమి? మేము దాచక చెప్పుచున్నాము. ఈ జాబితాలు ఇద్దరు ప్రభువుల నడుమ పంపకములు. వానిలో రైతు పేరు లేదు. రాష్ట్రము పన్ను వేసినంతమాత్రమున అది గనిప్రక్క గ్రామమునకు చేరునని ఎవరును అనుకొనరాదు. గనులవలన నష్టపడిన ప్రాంతములకొఱకని 2015లో చట్టము ఏర్పఱచిన జిల్లా ఖనిజనిధి మాత్రము వేఱు. 2015 జనవరి 12కు పూర్వపు లీజులవారు రాయల్టీలో నూటికి 30 వంతులు, ఆ తరువాత వేలమున పొందినవారు నూటికి 10 వంతులు అదనముగా దానికి చెల్లింపవలెను. ఆ నిధిని మన గ్రామమున దేనికి వెచ్చించిరని గ్రామసభలో అడుగుట మన కర్తవ్యము.

రైతునకు నిజమైన ఆధారము 300ఎ అధికరణమున ఉన్నది. చట్టప్రకారము గాక ఎవరి ఆస్తియు తీసికొనరాదని అది చెప్పుచున్నది. 2024 మే 16న సుప్రీంకోర్టు దీనిని విడమర్చి చెప్పెను. ముందుగా నోటీసు ఇయ్యవలెను. అభ్యంతరము వినవలెను. నిర్ణయమునకు కారణము తెలుపవలెను. ప్రజాప్రయోజనము ఉండవలెను. న్యాయమైన పరిహారము ఇయ్యవలెను. పనిని సక్రమముగా, గడువులోపల నడుపవలెను. తుదివఱకు పూర్తి చేయవలెను. ఈ ఏడింటిని సభ్యులు వేళ్లమీద లెక్కపెట్టి కంఠస్థము చేయదగును.

నోటీసు ఏ చట్టముక్రింద వచ్చినది?

కావున నోటీసు చేతికి అందినవెంటనే పరిహారపు అంకెను వెదకరాదు. మొదటి పంక్తిలో ఏ చట్టపు పేరున్నదో చూడవలెను. అది 1957 బొగ్గుప్రాంతముల చట్టమైనయెడల దాని మెట్లు ఇవి. 4వ సెక్షను నోటిఫికేషను వచ్చిన పిదప అధికారులు చేనిలో ప్రవేశించి బోర్లు వేసి బొగ్గును పరీక్షింపవచ్చును. అందువలన కలిగిన నష్టమునకు పరిహారము కోరు హక్కు రైతునకు కలదు. 7వ సెక్షను నోటిఫికేషను సేకరించు ఉద్దేశమును తెలుపును. అది వెలువడిన 30 దినములలోపల 8వ సెక్షను క్రింద వ్రాతమూలకముగా అభ్యంతరము తెలుపవలెను. అట్లు తెలిపినవానిని అధికారి పిలిచి వినవలెను. నేనే బొగ్గు త్రవ్వుకొందును అనుట మాత్రము అభ్యంతరముగా చెల్లదని చట్టమే చెప్పినది. 9వ సెక్షను ప్రకటన వెలువడిన పిమ్మట భూమి కేంద్రమునకు సంక్రమించును. పరిహారపు మొత్తమున తగవు వచ్చినచో 14వ సెక్షను క్రింద ట్రిబ్యునలు తేల్చును.

నోటీసు 2013 నాటి భూసేకరణ చట్టముక్రింద వచ్చినయెడల అభ్యంతరమునకు గడువు 60 దినములు. సామాజిక ప్రభావపు విచారణ కూడ అందు కలదు. అయితే భూసేకరణ ఉమ్మడిజాబితాలోనిది కావున, తెలంగాణ శాసనసభ 2017లో రాష్ట్రపతి ఆమోదముతో సవరణ చేసి, కొన్ని తరగతుల పనులకు ఆ విచారణను మినహాయించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చెను. ప్రభుత్వ కంపెనీకై భూమిని సేకరించునప్పుడు రైతుల సమ్మతి పొందవలెనను నియమము 2013 చట్టమునను లేదు.

పరిహారమున మాత్రము రెండు త్రోవలును ఒకచోట కలిసినవి. 2013 చట్టపు పరిహార, పునరావాస షెడ్యూళ్లను 2015లో బొగ్గుప్రాంతముల చట్టమునకును వర్తింపజేసిరి. గ్రామములలో బజారువిలువను రెండింతలవఱకు హెచ్చించుటయు, దానిపై నూటికి నూరు సొలేషియమును ఇందు చేరినవి. అనగా సొమ్మువిషయమున రైతు ఇంచుమించు సమానుడే. మాట చెప్పుకొనుటకు గల వ్యవధిలో సమానుడు కాడు. ఒకచోట 60 దినములు, ఒకచోట 30 దినములు మాత్రమే. తెలియక గడచిపోయిన ఆ 30 దినములు మఱల రావు.

సభ్యులు అభ్యాసముగా ఈ చదువుతీరును మన సంఘముపైననే ప్రయోగించి చూడవచ్చును. సహకారసంఘములు రాష్ట్రజాబితాలో 32వ పద్దు. 2011 నాటి 97వ రాజ్యాంగసవరణ సంఘముల ఎన్నికలు, పాలకవర్గముల కాలపరిమితి మొదలగువానిపై నియమములు చేసెను. రాష్ట్రముల పద్దును తాకు సవరణకు సగము రాష్ట్రముల శాసనసభల ఆమోదము కావలసియుండగా దానిని పొందలేదు. అందుచే 2021 జూలై 20న సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రమునకే పరిమితమైన సంఘములవిషయమున ఆ భాగము చెల్లదనెను. బొగ్గు 54వ పద్దుచే కేంద్రమునకు పోయెను. సంఘము 32వ పద్దుచే రాష్ట్రమున నిలిచెను. తేడా అంతయు "లోబడి" అను మాట ఉండుటలోను, లేకుండుటలోను ఉన్నది.

తుదకు సభ్యులకు మా మనవి మూడు మాటలు. పట్టాదారు పాసుపుస్తకమును, పహాణీనకలును, వారసత్వపు కాగితములను ఇప్పుడే సరిచేసి ఉంచుకొనుడు. వాదన ఎంత బలమైనదైనను కాగితము లేనిచో నిలువదు. నోటీసు వచ్చినచో దానిని పెట్టెలో పెట్టక, తేదీ వేసికొని, మఱునాడే నలుగురు రైతులు కలిసి చదువుకొనుడు. ఒక్కరు వ్రాసిన అభ్యంతరముకంటె, నీటివసతి, దారి, శ్మశానము, పశువుల మేత మొదలగువానిని సర్వే నంబరులతో చూపి ఊరంతయు వ్రాసిన అభ్యంతరమునకు బరువెక్కువ. కేంద్రమునకెంత, రాష్ట్రమునకెంత అన్న తగవు న్యాయస్థానములలో ఇంకను నడచుచునే యుండును. రైతునకు వచ్చిన 30 దినములను మాత్రము రైతే లెక్కపెట్టుకొనవలయును.